జామతోట గదిలో దొంగ దంపతులు

ప్రభుత్వ పని మీద నేనొకసారి పరాయి మగాడికి పెళ్లాంగా పోయాను. ఈ మాటెత్తితే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. కొత్తగా పంచాయతీ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మొన్న ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని తనిఖీ ఏది?" అని అడిగారు. ఊరంతా మరుగుదొడ్లు కట్టించి శాలువా కప్పించుకున్న సంగతి గొప్పగా చెబుదామని నోరు తెరిచాను. బయటికి మాత్రం ఇదే వచ్చింది. మీరూ వినండి. తోటలో ఉన్న గదిని ఒక పూటకో రెండు రోజులకో కిరాయికి ఇవ్వాలంటే చట్టం ఏమేం అడుగుతుందో తెలుస్తుంది. అట్లా ఇచ్చేవాళ్లను ఎట్లా పట్టుకోకూడదో కూడా తెలుస్తుంది.

రాష్ట్రం వచ్చాక యాదగిరిగుట్ట మీద గుడిని కొత్తగా కట్టడం మొదలైంది. జనం పెరిగారు. లాడ్జీలు నిండిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లలో నాలుగు గోడలున్న ప్రతిదీ గది అయిపోయింది. గొడ్లకొట్టానికి టైల్స్ వేసి అద్దం తగిలించిన మహానుభావులను కూడా చూశాను. నేనప్పుడు ఆ దగ్గరి మండలంలో పంచాయతీల పనులు చూసే అధికారిణిని. మోత్కూరు వైపు పోయే దారిలో ఒక జామతోట మీద ఫిర్యాదు వచ్చింది. ఇచ్చింది ఒక లాడ్జి ఓనరు. "మేము లైసెన్సు తీసుకోవాలె, పన్ను కట్టాలె, వచ్చినోళ్ల కార్డులు తీసుకోవాలె. ఆమె ఏ కాయితం లేకుంట బోరు కాడ యాత్రికులను దింపుకుంటాంది. అంటే మేము పిచ్చోళ్లమా?" అని మా ఆఫీసులో కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన మాటలో తప్పు లేదు.

ఆ తోట ఆమె కష్టార్జితం. నాట్లకు, కలుపుకు పోయి పోయి, మొగుడూ పెళ్లాలు కలిసి కొనుక్కున్న చిన్న జాగా. జామచెట్లు పెట్టారు. బోరు పక్కన మోటరు గది ఉంటుంది కదా, దాన్నే కొంచెం సాగదీసి, రేకులేసి, స్నానాల గది కట్టి, యాత్రికులు దిగే గదిగా చేశారు. ఊరి పంచాయతీ కార్యదర్శి నోటీసు పట్టుకుపోతే ఆమె చెప్పే జవాబు ఒక్కటే. "మా చుట్టాలొచ్చిండ్రు సారు." ఒకసారి లోపల మరాఠీ తప్ప ఇంకో ముక్క రాని కుటుంబం ఉన్నదట. వాళ్లు కూడా పెద్దమ్మ బిడ్డ తరఫు వాళ్లేనట. కార్యదర్శి తల గోక్కుంటూ తిరిగొచ్చాడు.

ఇక్కడ మా పైఅధికారి ప్రవేశించాడు. డివిజన్ మొత్తానికి పెద్ద. మనసు మంచిది, బుర్ర మాత్రం అపరాధ పరిశోధకుడిది. ఎక్కడో పోలీసు కావలసినవాడు దారితప్పి పంచాయతీల్లో పడ్డాడని మేమనుకునేవాళ్లం. చెత్త ఎవరు పడేస్తున్నారో కనిపెట్టడానికి ట్రాక్టరు వెనక దాక్కుంటే, ట్రాక్టరు కదిలిపోయి నడిరోడ్డు మీద వంగి నిలబడ్డ చరిత్ర ఆయనది.

"చుట్టాలో కిరాయిదార్లో తేలాలంటే మనమే కిరాయికి పోవాలమ్మా," అన్నాడు. "ఒంటరి మగాడు పోతే అనుమానపడుతది. మొగుడూ పెళ్లాల లెక్క పోదాం. స్నానానికి గది తీసుకుందాం, కిరాయి ఇద్దాం, ఆమె తీసుకునేటప్పుడు నా జేబులో ఉన్న ఫోన్ల వీడియో వస్తది. అయిపోయింది."

"పెళ్లాం ఎవరు సార్?" అన్నాను.

ఆయన గోడ వైపు చూశాడు. ఆఫీసులో ఆడ అధికారి నేనొక్కదాన్నే.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన పేపరు మడిచి అంతా విన్నాడు. "పెళ్లాంగా పోయినందుకు టీఏ డీఏలు ఏ పద్దు కింద రాస్తరు?" అని అడిగి మళ్లీ పేపరు తెరిచాడు.

మర్నాడు పొద్దున జీపును దూరంగా ఒక రైసుమిల్లులో పెట్టి ఆటోలో పోయాం. సారు పంచె కట్టి, నుదుటి మీద ఇంత వెడల్పు నామం పెట్టి, చొక్కా జేబులోంచి ఫోను కన్ను బయటికి కనిపించేట్టు సర్దుకున్నాడు. తోట గేటు దగ్గర ఆమె ఎదురొచ్చింది. గట్టి మనిషి, నడుము మీద చెయ్యేసి నడుస్తున్నది. పెనిమిటి దూరంగా పాదుల్లోకి నీళ్లు మళ్లిస్తున్నాడు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి మా ముందు పెట్టింది.

"కాళ్లు కడుక్కోండ్రి. ఎండల వచ్చిండ్రు."

"గది కిరాయి ఎంతమ్మా?" అన్నాడు సారు, జేబు ఆమె వైపు తిప్పి.

"ముందుగాల నీళ్లు తాగుండ్రి బిడ్డా. కిరాయి యాడికి పోతది."

కిరాయి అన్న మాట పడింది. సారు ముఖం వెలిగిపోయింది. నాకు కళ్లతోనే సైగ చేశాడు, కేసు అయిపోయినట్టేనని. నిజానికి అప్పుడే మొదలైంది. ఆమె నా పక్కన చాప మీద కూర్చుని, "మీదే ఊరమ్మా?" అన్నది.

"హైదరాబాద్," అన్నాడు సారు.

"పట్నం అందరిదీనాయె. అసలు ఊరు?"

"పాలమూరు దిక్కు," అన్నాడు సారు. ముందే అనుకున్న అబద్ధం.

"అది ఆయినె ఊరు. నీ తల్లిగారిల్లు ఏడ?" అని ఆమె నన్నే చూసింది.

ఇక్కడొక మాట చెప్పాలి. మన ఆడవాళ్లం వయసు దాస్తాం, జీతం దాస్తాం, చీర ధర దాస్తాం. తల్లిగారి ఊరు అడిగితే మాత్రం అబద్ధం రాదు. నాకూ రాలేదు. "కట్టంగూర్ పక్కన," అని ఊరి పేరు చెప్పేశాను. సారు దగ్గాడు. నా దగ్గర అబద్ధాలు అయిపోయాయి.

ఆమె చెంబు కింద పెట్టింది. "గా ఊర్ల ఎక్కడ?"

"వడ్ల మిల్లు వెనక."

"మా అమ్మ పుట్టిందే ఆడ. సైకిలు మీద ఐసు అమ్మే ముసలాయన ఎరుకనా నీకు?"

ఎరుక కాకపోవడమేమిటి. మా వీధి పిల్లలందరి నాలుకలూ ఎర్రగా చేసింది ఆయనే. పాత సీసాలిచ్చినా ఐసు ఇచ్చేవాడు. ఆ మాట చెప్పగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆయిన మా మేనమామ. అంటే నువ్వు నాకు చెల్లెవైతవు గాదె." పెనిమిటిని కేకేసింది. "ఇగో, మా అమ్మగారి ఊరి పిల్ల వచ్చింది." ఆయన పార భుజాన వేసుకొని వచ్చి, దండం పెట్టి మళ్లీ నీళ్ల దగ్గరికి పోయాడు.

ఆ క్షణం నుంచి సారు పరువు దక్కలేదు. ఆయన మరిది అయిపోయాడు. చెల్లెలి మొగుణ్ణి ఆటపట్టించే హక్కు మన దగ్గర ఎవరికీ తక్కువ లేదు కదా.

"మా చెల్లెను మంచిగ జూసుకుంటున్నవా మర్దీ? గింత సన్నగైంది."

"చూసుకుంటున్న," అన్నాడు సారు నేల చూస్తూ.

"పిల్లలెంతమంది?"

"ఇద్దరు," అన్నాను నేను. "ఒక్కడు," అన్నాడు ఆయన. ఇద్దరం ఒకేసారి, ఇద్దరం నిజమే చెప్పాం. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఒకడు హాస్టల్ల ఉంటడు అక్కా, ఈయనకు ఇంట్ల ఉన్నోడే లెక్క," అని సర్దాను. "మొగోళ్లు గంతే," అని ఆమె నన్నే ఓదార్చింది.

సారు బోరు కింద స్నానానికి పోయాడు. ఆ నీళ్ల ధార కోసమే పట్నం వాళ్లు ఆ తోటకు ఎగబడేది. నేను గది చూశాను. శుభ్రంగా ఉంది, కడిగిన గచ్చు, ఉతికిన దుప్పటి. కానీ పైన ఫ్యానుకు వచ్చిన వైరు చూసి అక్కడే ఆగిపోయాను. పొలం మోటరు స్టార్టరు డబ్బా నుంచి లాగిన వైరు. మధ్యలో అతుకు, అతుకు మీద టేపు ఊడిపోయింది, కింద తడి గచ్చు. వ్యవసాయానికి వచ్చే ఉచిత కరెంటును కిరాయి గదికి వాడటం ఒక తప్పు. ఎవరి ప్రాణమైనా పోతే అది ఇంకో తప్పు, దాన్ని ఏ జరిమానాతోనూ దిద్దలేం.

"అక్కా, గీ గదిని పంచాయతోళ్లు మూసేస్తే ఏం జేస్తవు?" అని మాటవరసకు అడిగాను.

ఆమె గుమ్మానికి ఆనుకుంది. "చిన్నప్పటిసంది నాట్లేసిన. ఇగ నడుము వంగదు. వంగితే లేవలేను, దవాఖానల పట్టీ ఇచ్చిండ్రు. జామకాయలు ఆయిన మందులకే సరిపోతయి. వంగకుంట బతికే పని నాకు గిదొక్కటే. మూసేస్తే మళ్ల పొలంల దిగాలె చెల్లె. దిగుడే, లేసుడు లేదు."

మనం నోటీసు అని రాసే కాగితానికి అటు వైపు మనిషి ఉంటుందని మరిచిపోతాం. నేను కూడా అప్పటిదాకా వీడియో సరిగ్గా వస్తుందా లేదా అనే ఆలోచిస్తున్నాను.

నామం కొట్టుకుపోయి, పంచె పిండుకొని సారు వచ్చాడు. చొక్కా తొడుక్కొని, గంభీరంగా జేబు సవరించుకొని నోట్లు చాచాడు. "కిరాయి తీసుకోమ్మా."

"తియ్యి తియ్యి. చెల్లె దగ్గర కిరాయా?"

"తీసుకోవాలె. తీసుకోకుంటే బాగుండదు."

"తీసుకుంటే బాగుండదు మర్దీ. మా అమ్మగారి ఊర్ల తెలిస్తే మొఖం ఎట్ల జూపియ్యాలె?"

ఆయన ఆమె చేతిలో పెట్టబోతాడు, ఆమె వెనక్కి జరుగుతుంది. చాప చుట్టూ తిరిగారు. ఆయన చాప మీద పెట్టాడు, ఆమె తీసి ఆయన సంచిలో వేసింది. లంచం ఇవ్వడానికి ఇంత కష్టపడ్డవాణ్ణి చూశాను గానీ, కిరాయి ఇవ్వడానికి ఇంత కష్టపడ్డవాణ్ణి నా సర్వీసులో ఈయననే చూశాను. ఆ వీడియో తర్వాత చూస్తే అందులో ఉన్నదల్లా సారు బతిమాలుకోవడమే.

సరే, పోయొస్తామని లేచాం. "ఆగుండ్రి," అని ఆమె లోపలికి పోయింది. పళ్లెంతో వచ్చింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, రవికె ముక్క. ఒడిబియ్యం. కొంగు పట్టిన ఆడబిడ్డ ఒడిలో తల్లిగారి తరఫు వాళ్లు పోసి, పదికాలాలు మొగుడితో పిల్లలతో చల్లగా ఉండమని పంపే బియ్యం. "ఆడబిడ్డ మొదటిసారి ఇంటికొచ్చి ఉత్త ఒడితోటి పోతదా? ఇయాల బేస్తారం, మంచిదే. ఇద్దరూ పక్కపక్కకు కూసోండ్రి," అని రెండు పీటలు వేసింది.

సారు పోయి కూర్చున్నాడు. ఇంకా ఏదైనా సాక్ష్యం దొరుకుతుందేమోనన్న ఆశ కాబోలు. నేను నిలబడే ఉన్నాను.

చూడండి, నేను పెద్ద భక్తురాలిని కాదు. పెళ్లాంగా నటించాను, పిల్లల లెక్క సర్దాను, మరిది మాటలకు నవ్వాను. కానీ పరాయి మగాడి పక్కన పీట మీద కూర్చొని ఒడి పట్టడం నా వల్ల కాలేదు. కాళ్లు కదలవు. ఇంట్లో పేపరు చదువుకుంటున్న మా ఆయన గుర్తొచ్చాడు. ఈ బియ్యం వండి ఆయనకే పెట్టాలి కదా, ఎవరి పక్కన కూర్చొని తెచ్చావంటే ఏం చెప్పను?

"అక్కా, ఈయన నా మొగుడు కాదు," అన్నాను.

సారు పీట మీదనే కళ్లు మూసుకున్నాడు. ఆమె ముఖంలో రంగు మారింది. ఏమనుకుందో నాకర్థమై, ఇంకా కంగారుపడి, "అట్లాంటిది కాదు. మేము ఆఫీసోళ్లం. నీ గదికి లైసెన్సు లేదని పట్టుకోనీకి వచ్చినం," అని మొత్తం కక్కేశాను.

ఆమె పళ్లెం కింద పెట్టలేదు. నన్నే చూసింది. కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది ఆ చూపులో.

"అయితే మిల్లు యెనక ఇల్లు గూడ అబద్ధమేనా?"

"కాదక్కా. అది నిజం."

"ఐసు తిన్నది?"

"తిన్న."

"అయితే కూసో," అన్నది. పెనిమిటి వైపు తిరిగి, "ఆయిన్ని జర పక్కకు జరుపు," అన్నది. ఆయన సారు భుజం పట్టి లేపి, పీటతో సహా జామచెట్టు కిందికి మార్చాడు. నేను తూర్పుకు తిరిగి కొంగు పట్టాను. ఆమె దోసిళ్లతో పోసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆటోలో వస్తుంటే ఒడినిండా బియ్యం, సారు ఒళ్లో జామకాయల సంచి. రైసుమిల్లు దగ్గర జీపు ఎక్కుతూ, "రిపోర్టు ఎట్ల రాద్దామమ్మా?" అన్నాడు. అదే అసలు చిక్కు. ఏ హోదాలో బస చేశారు అంటే ఏం రాయాలి? ఎవరితో అంటే? కిరాయి ఇచ్చారా అంటే, ఇవ్వబోయి ఓడిపోయామని రాయాలి. "ఇంట్ల గూడ చెప్పలేదు," అన్నాడు మెల్లగా. రెండు రోజులు ఆలోచించి, గడువిచ్చి సరిచేసుకోనిచ్చే వీలు నిబంధనల్లో ఉందని ఆయనే కనిపెట్టాడు. ఆ వీలు అంతకుముందు కూడా ఉంది. ఎవరికీ కనిపించలేదంతే.

పిల్లలూ, మీకు పనికొచ్చే ముక్క ఇక్కడుంది. వ్యవసాయ భూమిలో గది ఉంటే, ఆ మేరకు భూమిని వ్యవసాయేతరంగా మార్పించుకోవాలి. కట్టడానికి పంచాయతీ అనుమతి, నడపడానికి పంచాయతీ లైసెన్సు, ఇంటిపన్ను వ్యాపారం కింద. కరెంటుకు వేరే మీటరు. మంటలార్పే సిలిండరు, పనిచేసే మరుగుదొడ్డి, తాగే నీళ్లకు పరీక్ష. అన్నం వండి పెడితే దానికి వేరే రిజిస్ట్రేషను. అన్నింటికంటే ముఖ్యం, దిగినవాళ్ల కార్డులు చూసి రిజిస్టరులో రాసుకోవాలి, పోలీసులు అడిగితే చూపించాలి. విదేశీయులైతే పోలీసులకు వెంటనే తెలపాలి. మీ కాలానికి ఏదైనా మారి ఉండొచ్చు, కొత్త ఉత్తర్వులు చూసుకొని చెప్పండి. ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసు కాగితం ముందు తెమ్మంటారు, వాళ్లు వీళ్లది తెమ్మంటారు. అది మాత్రం మారి ఉండదు.

నేను మొదట వైరు పీకించాను. "కొత్త మీటరు వచ్చేదాక గదికి తాళమెయ్యి అక్కా," అంటే రెండు నెలలు వేసింది, ఒక్క చుట్టాన్ని కూడా దించలేదు. ఆ రెండు నెలలు వాళ్లెట్లా గడిపారో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. మిగతా కాగితాలకు తిరిగినన్ని రోజులూ నడుము మీద చెయ్యి తీయలేదు. ఆమె ఎదురుతిరిగింది ఒక్కదానికే. "ఇంటికొచ్చినోళ్లను గుమ్మంల నిలవెట్టి, నువ్వెవరు, కాయితం జూపియ్యి అంటరా? మా ఇంటా వంటా లేని పద్ధతి." నీళ్లిచ్చాక అడగమన్నాను. అప్పటికి ఒప్పుకుంది. ఒకవేళ ఏదైనా జరిగితే వాళ్లింటి వాళ్లకు కబురు చెప్పాలన్నా పేరు తెలిసి ఉండాలి కదా అంటే, అప్పుడు పూర్తిగా ఒప్పుకుంది.

చివరి తనిఖీ నోటులో ఒక ప్రశ్న ఉంటుంది, దరఖాస్తుదారుతో తనిఖీ అధికారికి బంధుత్వం ఉన్నదా అని. ఎన్నో ఫైళ్లలో చూడకుండానే 'లేదు' అని రాసినదాన్ని. ఆ రోజు పెన్ను ఆగిపోయింది. ఒడిబియ్యం వండి తిన్నాను, మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. లేదు అని ఎట్లా రాయను? ఫైలు తీసుకుపోయి సారు ముందు పెట్టి సంగతి చెప్పాను.

"మరి నేను మరిదిని గాదా?" అన్నాడాయన.

"మిమ్మల్ని పక్కకు జరిపిండ్రు గద సార్."

ఆయన కొంచెం చిన్నబుచ్చుకొని, "అవును, జరిపిండ్రు," అన్నాడు. బంధుత్వం లేదు అని రాసి, స్వయంగా పోయి, సిలిండరు తేదీ, మీటరు, సెప్టిక్ ట్యాంకు అన్నీ చూసి సంతకం పెట్టాడు. లాడ్జి ఓనరుకు కూడా నకలు పంపాము. ఆయన మళ్లీ రాలేదు.

లైసెన్సు గోడకెక్కిన కొన్నాళ్లకు సారు తన భార్యతో గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడు. నేనూ మా ఆయనా కలిశాం. లాడ్జీలన్నీ నిండి ఉన్నాయి. "తోటలో దిగుదాం, అన్నీ పద్ధతిగా ఉన్న జాగా," అని ఆయనే గొప్పగా తీసుకుపోయాడు. అక్క నీళ్లిచ్చింది. సారు తాగాక చెయ్యి చాచి, "కార్డులియ్యుండ్రి సారూ," అన్నది. సారు సంతోషంగా ఇద్దరివీ ఇచ్చాడు. ఆమె చదువు రాకున్నా ఫోటోలు చూస్తుంది. సారు కార్డు చూసింది. భార్య కార్డు చూసింది. భార్య ముఖం చూసింది. మళ్లీ కార్డు చూసింది. తృప్తిగా తలూపి కార్డులూ రిజిస్టరూ మా ఆయన చేతికి రాయమని ఇస్తూ అన్నది.

"ఈసారి సరైనామెనే తీస్కొచ్చిండు."

సారు భార్య చేతిలో నీళ్ల గ్లాసు ఆగిపోయింది. "ఈసారి అంటే?" అని అడిగింది.

మా ఆయన తల దించుకొని చాలా జాగ్రత్తగా రిజిస్టరు రాస్తున్నాడు. సారు తువ్వాలు భుజాన వేసుకొని బోరు వైపు నడిచాడు. ఆమె గ్లాసు కింద పెట్టి ఆయన వెనకే పోయింది.